జపాన్ పల్లెలో ఊరుమ్మడి వేడినీటి స్నానశాల: అమ్మను తీసుకువెళ్ళవచ్చునా?

మారతహళ్ళి కోడలు (బెంగళూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మావారు కంపెనీ పని మీద ఆరు నెలలుగా టోక్యోలో ఉంటున్నారు. వచ్చే జనవరి చివరి వారంలో నేను, మా అమ్మ, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి బెంగళూరు నుంచి ఆయన దగ్గరకు వెళుతున్నాము. అక్కడ ఉండే రెండు వారాలలో మూడు రోజులు నాగానో ప్రాంతంలోని నొజావా ఓన్సెన్ అనే పల్లెలో గడపాలని అనుకున్నాము. మంచు చూడాలన్నది అబ్బాయి కోరిక, ఆ ఊళ్ళోని వేడినీటి స్నానశాలలలో స్నానం చేయాలన్నది నా కోరిక.

అమ్మకు అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. బద్రీనాథ్ తప్తకుండంలో మునిగి వచ్చిన నాటి నుంచి వేడినీటి బుగ్గ అంటే ఆమెకు గొప్ప గురి. అయితే బద్రీనాథ్‌లో ఆమె చీరతోనే మునిగింది. జపానులో ఒంటి మీద నూలుపోగు కూడా ఉండకూడదని విన్నాను, ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ మాకు టికెట్లు చేసిన ఏజెంటు మాత్రం పలుచని నైటీ వేసుకుంటే ఎవరూ ఏమీ అనరని అంటున్నాడు, అది నిజమేనా? మంగళసూత్రం, మెట్టెలు తీయకుండా స్నానం చేయవచ్చునా? అమ్మ ముంజేతి మీద చిన్నప్పుడు తిరునాళ్ళలో పొడిపించుకున్న తులసికోట పచ్చబొట్టు ఉంది, పచ్చబొట్టు ఉన్నవారిని లోపలికి రానివ్వరన్న మాట ఎంతవరకు నిజం? అబ్బాయిని నాతోపాటు స్త్రీల వైపు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాను. టికెట్టు ఎంత ఉంటుందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

పెరంబూరు పాతకాపు (చెన్నై)

ఉద్యోగరీత్యా నాగానో నగరంలో రెండేళ్ళు ఉన్నాను, నొజావాకు ఏడెనిమిది సార్లు వెళ్ళి ఉంటాను. మీరు చివరిగా అడిగిన టికెట్టు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మిగిలిన జవాబులన్నీ దానిలోంచే వస్తాయి.

టికెట్టు లేదు. ఆ ఊళ్ళో 13 స్నానశాలలు ఉన్నాయి, వాటిని సోతోయు అంటారు. వాటికి యజమాని ఉండడు, బల్ల వేసుకుని డబ్బు పుచ్చుకునే గుమాస్తా ఉండడు. ఒక్కొక్క స్నానశాల చుట్టూ ఉన్న ఇళ్ళవారు యునకమా అనే కట్టుబాటుగా ఏర్పడి, వంతులవారీగా తొట్టి కడిగి, దీపాలకూ మరమ్మతులకూ అయ్యే ఖర్చును తామే భరిస్తూ, ఎవరు వచ్చినా స్నానం చేసి వెళ్ళనిస్తారు. గుమ్మం దగ్గర హుండీ వంటి చెక్కపెట్టె ఉంటుంది, అందులో మనకు తోచినంత వేయాలి. కాబట్టి మీరు వెళుతున్నది ఏదో రిసార్టుకు అనుకోకండి, పరాయి ఊరివారు తమ పెరటి బావి దగ్గర మీకు చోటిచ్చి, చెంబు చేతికిచ్చి స్నానం చేయమన్నారని అనుకోండి. వారి పద్ధతులన్నీ అప్పుడు సులువుగానే అర్థమవుతాయి.

నైటీ మాట వదిలేయండి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉంటుంది. అక్కడి తొట్లు చిన్నవి, ఐదారుగురు కూర్చుంటే నిండిపోతాయి. బట్టతో దిగితే దానిలోని సబ్బూ రంగూ మురికీ అందరూ మెడదాకా మునిగే నీటిలోకి వస్తాయి, అందుకే చిన్న తువ్వాలును కూడా నీటిలో ముంచరు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. స్త్రీలకూ పురుషులకూ వాకిళ్ళు వేరు, మధ్యలో గోడ ఉంటుంది. గుమ్మం మీద ఉండే అక్షరాలలో నాలుగు గళ్ళ కిటికీ వంటిది పైన ఉన్నది పురుషులది, కాళ్ళు అడ్డంగా ముడుచుకుని కూర్చున్న మనిషిలా కనిపించేది స్త్రీలది. నేను మొదటిసారి ఎవరో ఒకరు బయటకు వచ్చేదాకా గుమ్మం ముందు మంచులో నిలబడి, మగవారు వచ్చిన వాకిలి చూసుకుని లోపలికి వెళ్ళాను.

లోపల చాలాచోట్ల బట్టలు మార్చుకునేందుకు వేరే గది ఉండదు. తొట్టి ఉన్న గదిలోనే గోడవార చెక్క అరలు ఉంటాయి, బట్టలు అక్కడే పెట్టుకోవాలి. తాళాలు ఉండవు కనుక పాస్‌పోర్టు, నగలు బసలోనే వదిలి రండి. షవరు ఉంటుందని కూడా అనుకోకండి. చిన్న బకెట్టుతో తొట్టిలోని నీటినే ముంచుకుని, తొట్టికి ఎడంగా కూర్చుని, ఒళ్ళంతా కడుక్కుని, సబ్బు నురగ ఒక్క చుక్క కూడా మిగలకుండా పోయిన తరువాతనే నీటిలోకి దిగాలి. గంగాళం దగ్గర కూర్చుని చెంబుతో పోసుకున్న తరానికి దీన్ని ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

ఇక వేడి గురించి. ఆ ఊరికి పైన ఓగామా అనే ఊట ఉంది, నీరు దాదాపు 90 డిగ్రీల వేడితో పైకి ఉబుకుతుంది, ఊరివారు అందులో ఆకుకూరలు ఉడకబెట్టుకుంటారు, మనల్ని ఆ కంచె దాటనివ్వరు. స్నానశాలలకు వచ్చే నీరు అటువంటి ఊటలదే. ఊరి నడుమ ఓయు అనే పాతకాలపు చెక్క కట్టడంలో రెండు తొట్లు ఉంటాయి, ఒకటి వేడిది, రెండవది గోరువెచ్చనిదని పేరు. అది పేరుకే. నేను ఆ గోరువెచ్చని దానిలో పాదం పెట్టి వెంటనే తీసేశాను, చీలమండ దగ్గర గీత గీసినట్టు ఎర్రబడింది. పక్కనే చన్నీళ్ళ కొళాయి కనిపించింది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని మనకు చిన్ననాటి నుంచీ నూరిపోశారు కదా, ఎవరినీ అడగకుండా తిప్పేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. లేచి నా పక్కకు వచ్చి, కొళాయి కట్టేసి, తిరిగి వెళ్ళి తన చోట కూర్చుని కళ్ళు మూసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను. వారు పగలంతా మంచులో పనిచేసి ఆ వేడి కోసమే వస్తారు, ఒకసారి చల్లబడిన తొట్టి మళ్ళీ కాగడానికి చాలాసేపు పడుతుంది.

మరుసటి వారం ‘సుమిమాసెన్, మిజు ఓ ఇరెతే మో ఈ దెస్ కా’ అని కాగితం మీద రాసుకుని వెళ్ళి అడిగాను. క్షమించండి, చన్నీళ్ళు కలపవచ్చునా అని దాని అర్థం. ఒకాయన నవ్వుతూ తానే కొళాయి తిప్పి, మూలనున్న చెక్కతో నీటిని కలియబెట్టి, నన్ను కొళాయికి దగ్గరగా కూర్చోబెట్టారు. అడిగితే కాదన్నవారిని ఆ రెండేళ్ళలో నేను చూడలేదు.

టోక్యో నుంచి హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో ఈయామా స్టేషనుకు వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో సుమారు 25 నిమిషాలు ప్రయాణం చేయాలి. వీలుంటే ప్రయాణాన్ని రెండు వారాలు ముందుకు జరుపుకోండి. మనకు సంక్రాంతి రోజులలో, జనవరి 15న, అక్కడ దోసోజిన్ అగ్ని పండుగ జరుగుతుంది. దాని ముందు మన భోగిమంట అగ్గిపుల్లంత అనిపిస్తుంది.

జయనగరం జాజి (బెంగళూరు)

పై జవాబులో పురుషుల వైపు సంగతులు వచ్చాయి కనుక స్త్రీల వైపు సంగతులు నేను రాస్తాను. మూడేళ్ళ క్రితం మా అత్తయ్యతో కలిసి అదే ఊరికి వెళ్ళాను. ఆవిడకు అప్పుడు డెబ్బై నిండబోతున్నాయి.

ముందుగా మెట్టెల సంగతి చెబుతాను, ఎందుకంటే నన్ను ఎవరూ హెచ్చరించలేదు. ఆ ఊరి నీటిలో గంధకం ఉంటుంది, వీధిలో నడుస్తుంటేనే ఉడికిన గుడ్డు వాసన వస్తుంది. గంధకపు నీరు తగిలితే వెండి మీద నల్లని పొర కడుతుంది. మొదటిరోజు సాయంత్రం మేజోళ్ళు విప్పి చూసుకుంటే నా మెట్టెలు రెండూ ఇనుప చువ్వ ముక్కల్లా ఉన్నాయి. అత్తయ్య అది అపశకునమేమోనని కలత పడ్డారు. అది పైపొర మాత్రమే, ఇంటికి వచ్చాక పళ్ళపొడితో ఓపికగా రుద్దితే పోయింది. మెట్టెలు తీయకూడదన్నది మీ ఇంట పట్టింపు అయితే, నల్లబడతాయని తెలిసి దిగండి, పట్టీలు మాత్రం బసలో తీసి పెట్టుకోండి. బంగారానికి అంత భయం లేదు గానీ, మన 22 క్యారెట్ల బంగారంలో రాగీ వెండీ కలుస్తాయి కనుక కొంత మెరుపు తగ్గవచ్చు. సూత్రాల మధ్య ముత్యాలూ పగడాలూ ఉంటే అవి తడవకుండా చూసుకోవాలి.

మీ అమ్మగారిది పసుపుతాడు అయితే ఇంకొక చిక్కు ఉంది. తేటనీటి తొట్టిలో పసుపు దిగితే తెలిసిపోతుంది. మా అత్తయ్య తాడును సూత్రాలతో సహా మెడ వెనక్కి తిప్పి, పైకి లాగి కొప్పులో దోపుకుని, భుజాల దాకా మాత్రమే మునిగారు. చూసిన ఒక ముసలావిడ అదేదో మా దేశపు స్నానపద్ధతి అనుకుని తల పంకించింది. ముఖానికీ పాదాలకూ పసుపు రాసుకునే అలవాటు ఉంటే ముందురోజు నుంచే మానేయాలి. కొబ్బరినూనె రాసిన జుట్టుతో కూడా వెళ్ళకూడదు, ఒక్క వెంట్రుక తగిలినా నీటి మీద నూనె తెట్టు రంగురంగులుగా తేలుతుంది. తలస్నానం బసలోనే చేసి, జుట్టు పైకి ముడి వేసి వెళ్ళడం అన్నిటికన్నా సుఖం.

నీటిలో తెల్లని పొరలు తేలుతూ కనిపిస్తే మురికి అనుకుని వెనక్కి రాకండి. ఊటనీటిలోని ఖనిజాలు అలా విడివడి తేలుతాయి, వాటిని యునోహానా, అంటే వేడినీటి పువ్వులు అంటారు. మన బోరు నీళ్ళ బకెట్టుకు పట్టే తెల్లని చారకు ఇంత అందమైన పేరు పెట్టాలన్న ఆలోచన మనకు ఎందుకు రాలేదో తెలియదు.

పచ్చబొట్టు విషయంలో మీరు విన్నది సగం నిజం. అక్కడ ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకునే నేరస్థుల ముఠాలు ఉండడం వల్ల హోటళ్ళవారికి ఆ భయం పట్టుకుంది. 2015లో అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ అడిగినప్పుడు, జవాబిచ్చిన సుమారు 600 వసతి గృహాలలో దాదాపు 56 శాతం పచ్చబొట్టు ఉన్నవారిని స్నానాలకు రానివ్వమని చెప్పాయి. మేము ముందు దిగిన మరొక ఊరి హోటలులో అత్తయ్య ముంజేతి మీది పచ్చబొట్టును చూసి, చర్మం రంగు అంటుకాగితం ఇచ్చి కప్పుకోమన్నారు. నొజావాలోని ఊరి స్నానశాలలో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఒకావిడ ఆ బొట్టును వేలితో చూపించి ఏదో అడిగితే, అత్తయ్య తెలుగులోనే “మా అమ్మ పొడిపించింది” అని చెప్పారు, ఆవిడకు అర్థమైనట్టే తల ఊపింది.

అబ్బాయి మీతో రావడం కుదరదు. ఆడపిల్లలైనా మగపిల్లలైనా సుమారు ఏడేళ్ళు నిండితే అవతలి వైపు స్నానశాలకు తీసుకురాకూడదని 2020 డిసెంబరులో జపాను ఆరోగ్యశాఖ తన మార్గదర్శకాలను మార్చింది. అంతకు ముందు ఆ వయసు పదేళ్ళుగా ఉండేది. కాబట్టి అబ్బాయిని వాళ్ళ నాన్నతో పంపించండి, చన్నీళ్ళ కొళాయి సంగతి కూడా ఇద్దరికీ చెప్పి పంపండి.

సిగ్గు గురించి ఎంత రాసినా ధైర్యం రాదు కనుక జరిగింది చెబుతాను. అత్తయ్య మొదట అరల దగ్గర గోడకేసి తిరిగి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. లోపల ఆవిరి, ఇద్దరు ముసలమ్మలు, ఒకరిది పూర్తిగా వంగిపోయిన నడుము. ఇద్దరూ ఒక్కసారి తల వంచి పలకరించి, తమ కబుర్లలో తాము పడిపోయారు. కాసేపటికి వారిలో ఒకావిడ బకెట్టును కాలితో కాదు, రెండు చేతులతో అత్తయ్య వైపు జరిపింది. అత్తయ్య దానిని అందుకోవాలంటే చీర వదలక తప్పలేదు. మరుసటి రోజు తెల్లవారుజామున నన్ను లేపింది ఆవిడే.

మైలాపూరు వైద్యురాలు (చెన్నై)

రక్తపోటు గురించి మాత్రమే రాస్తాను. ఎక్కువ వేడినీటిలో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, రక్తపోటు మాత్రలలో చాలా వాటి పని కూడా అదే. రెండూ కలిసినప్పుడు తొట్టిలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరిగి పడిపోయే అవకాశం ఉంది, తడిసిన రాతినేల మీద పడితే తుంటి ఎముక విరగవచ్చు. చలిగదిలో బట్టలు విప్పి వెంటనే బాగా వేడిగా ఉన్న నీటిలోకి దిగితే రక్తపోటు ముందు పెరిగి తరువాత పడిపోతుంది, శీతకాలంలో అక్కడి వృద్ధుల స్నానపు మరణాలకు ఇదొక ముఖ్య కారణం. అందువల్లనే జపాను వినియోగదారుల వ్యవహారాల సంస్థ నీటి వేడి 41 డిగ్రీలకు మించకుండా, పది నిమిషాలకు మించకుండా స్నానం చేయమని ప్రజలకు చెబుతుంది. ఆ ఊరి తొట్లు సాధారణంగా అంతకన్నా వేడిగానే ఉంటాయి.

అమ్మగారు ముందుగా పాదాల నుంచి మొదలుపెట్టి పైకి, బకెట్టుతో మెల్లగా నీరు పోసుకోవాలి. తరువాత గట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు మాత్రం నీటిలో ఉంచాలి. ఆవిడ మోకాళ్ళకు కావలసింది అంతవరకే, ఆ ఉపశమనం కూడా కొన్ని గంటలపాటే ఉంటుంది. ఇంకా దిగాలనిపిస్తే రెండు మూడు నిమిషాలు దిగి, మీ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లేవాలి. భోజనం చేసిన వెంటనే వెళ్ళకూడదు, ముందూ తరువాతా మంచినీళ్ళు తాగాలి, ఒంటరిగా అసలు వెళ్ళకూడదు. ఆవిడకు మధుమేహం కూడా ఉండి పాదాలలో తిమ్మిరి ఉంటే, ఎంత వేడో పాదానికి తెలియదు కనుక ముందు మీ మోచేతితో నీటిని చూడండి. బయలుదేరే ముందు ఆవిడను చూసే డాక్టరు గారిని ఒకసారి అడగండి.

కృష్ణరాజపురం బాటసారి (బెంగళూరు)

పై వారందరూ ఎలా వెళ్ళాలో చెప్పారు, నేను కొంచెం అడ్డం వస్తాను. ఊరివారు తమ కోసం కట్టుకుని, తామే కడుక్కునే స్నానశాలకు సాయంత్రం పూట, వారంతా పని ముగించుకుని వచ్చే వేళకు, మనం కుటుంబ సమేతంగా వెళ్ళి చోటు ఆక్రమించడం సబబుగా ఉండదు. తప్పక వెళ్ళాలనుకుంటే మధ్యాహ్నం వేళ, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఫోను జేబులోంచి తీయకండి.

అమ్మగారికి సిగ్గు తీరకపోతే బలవంతం చేయవలసిన అవసరం కూడా లేదు. ఆ ఊళ్ళోని వసతి గృహాలలో కొన్నింటికి కషికిరి పద్ధతి ఉంటుంది, అంటే గంటో ముప్పావుగంటో తొట్టి మొత్తం మీ ఒక్క కుటుంబానికే ఇచ్చి తలుపు మూసుకోనిస్తారు. గది తీసుకునేటప్పుడే అడగండి. ఇటువంటి వాటిలో నాకు నచ్చినది వాకయామా ప్రాంతంలోని యునోమినే పల్లెలో ఉన్న త్సుబోయు. వాగు ఒడ్డున రాళ్ళ మధ్య చిన్న చెక్క గుడిసె, లోపల ఇద్దరో ముగ్గురో పట్టే రాతి గుంట, ఒక్కొక్క జట్టుకు 30 నిమిషాలు. కుమానో తీర్థయాత్రకు వెళ్ళేవారు దేవుడి దర్శనానికి ముందు శుద్ధి కోసం స్నానం చేసే ఊరు అది. 2004లో ఆ యాత్రామార్గాలతోపాటు త్సుబోయు కూడా ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. తప్తకుండం మీద గురి ఉన్న మనిషికి నొజావా కన్నా అదే నచ్చుతుందని నా నమ్మకం. నాగానోకు చాలా దూరం కనుక ఈసారికి వీలుపడదు.

మారతహళ్ళి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మకు అంతా చదివి వినిపించాను. సిగ్గు గురించి నేను భయపడినంతగా ఆమె ఏమీ అనలేదు, “నలుగురు ఆడవాళ్ళే కదా” అని ఊరుకుంది. మధ్యాహ్నం వేళ, నేను అమ్మ మాత్రమే, ముందు కాళ్ళ వరకు అని నిర్ణయించుకున్నాము. వసతి గృహానికి కషికిరి గురించి మావారి చేత ఫోను చేయిస్తున్నాను. అమ్మకు మిగిలిన సందేహం ఒక్కటే, కుంకుడుకాయలు తీసుకువెళ్ళవచ్చునా అని అడగమంది.

జయనగరం జాజి

వద్దండి. కాయలూ గింజలూ ఆ దేశంలోకి తీసుకువెళ్ళాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, విమానాశ్రయంలోనే ఆగిపోతాయి. ఒకవేళ చేరినా, ఆ చిన్న గదిలో కుంకుడు రసం తీసి పక్కనున్న ముసలమ్మ కంట్లో చిందితే ‘సుమిమాసెన్’ ఒక్కటే సరిపోదు. బెంగళూరులో బయలుదేరే రోజు ఉదయం తలంటు పోయించండి, తిరిగి వచ్చాక మళ్ళీ పోయవచ్చు.